సోలార్ లైట్ ట్రాప్: మబ్బు పడితే మొహం చాటేస్తుంది

అనంతపురం జిల్లాలో మాకు ఐదెకరాల వేరుశనగ ఉంది. పోయినేడు ఎర్ర గొంగళి పురుగు ఒక మూల మొత్తం ఈనెలు తప్ప ఏమీ మిగల్చలేదు, అందుకే ఈసారి ఆన్‌లైన్‌లో 2,800 పెట్టి సోలార్ లైట్ ట్రాప్ (రాత్రి వెలుగుతో రెక్కల పురుగుల్ని లాగి కింద టబ్బులో పడేసేది) తెప్పించాను. నెల రోజులు వాడి రాస్తున్నా.

ముందు మంచి సంగతి. పురుగును లాగడంలో దీనికి వంక పెట్టలేం. తొలి వాన పడ్డ మూడో రాత్రి చూస్తే కిరోసిన్ నీళ్ళ టబ్బు మీద ఆ గొంగళి తల్లి పురుగులు (రెక్కలొచ్చిన పెద్దవి) తెట్టెలా తేలుతున్నాయి, తెల్లటి ముందు రెక్కల మీద గోధుమ రంగు చారలు, అంచున పసుపు గీత, వెనక రెక్కల మీద నల్ల చుక్కలు. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది, కాబట్టి ఆ ఒక్క టబ్బే మాకు పెద్ద లాభం.

డబ్బాలో ఇచ్చిన చిన్న పుస్తకమే దండగ. ఇవన్నీ టైగర్ మాత్‌లు అనే రెక్కల పురుగుల గుంపు, వీటిని ఇంకా ఆర్క్టిడే అని విడి కుటుంబంగా రాశారు, ఇప్పుడు ఎరెబిడే కుటుంబంలో ఆర్క్టినే అనే ఉపకుటుంబం కింద కలిపేశారు. సరే, రైతుకు దాంతో పనేముంది అనుకోండి. కానీ "పంటను తినేవే పడతాయి" అని అట్ట మీద రాయడం పచ్చి అబద్ధం. ఇదే గుంపులో లైకెన్ మాత్‌లని చిన్నవి ఉంటాయి, వాటి పిల్లలు తినేది రాళ్ళ మీదా చెట్ల బెరడు మీదా పెరిగే లైకెన్‌ను (మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఆ జాతే), మన చేనుతో వాటికి సంబంధమే లేదు. అవీ పడ్డాయి. తెల్ల రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కలున్న జనుము పురుగులూ రెండు పడ్డాయి, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటాయో! జనుములోని విషాన్ని ఒంట్లో దాచుకునే రకం అది. అమెరికాలో దాని దగ్గరి చుట్టం వలలో పడితే సాలీడే దారాలు కత్తిరించి వదిలేస్తుంది. మన టబ్బు వదల్లేదు పాపం.

అసలు తంటా బ్యాటరీతో. భూమిలో ప్యూపాగా (రెక్కలు రాకముందు గూటి దశలో) పడుకున్న ఎర్ర గొంగళి పురుగు బయటికొచ్చేదే తొలకరి వానలకు, వాన రోజుల్లో మబ్బు ఉంటుంది, మబ్బుంటే ఛార్జింగ్ ఎక్కదు. రాత్రి 8 దాటగానే లైటు మినుకుమినుకుమని ఆరిపోయేది. అంటే కావాల్సిన నాలుగు రాత్రుల్లోనే ఇది పనిచేయదు. నాన్న చివరికి మోటారు షెడ్డు నుంచి వైరు లాగి మామూలు బల్బు వేలాడదీశారు, టబ్బు మాత్రం దీనిదే.

5కు 2 స్టార్లు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "రెండు రోజులు మంచి ఎండలో పెట్టి చూడండి సార్" అన్నారు.