ఫేమస్ ఫైవా, ఫైండ్ అవుటర్సా, నాన్సీ డ్రూనా, బేతాళుడా? పిల్లలకి ముందు ఏది ఇద్దాం

ఎండాకాలం సెలవులొస్తే చాలు మా ఇంట్లో ఇదే పంచాయితీ. మా నాయన చందమామ అంటాడు, నేను ఫేమస్ ఫైవ్ అంటా, మా చెల్లెలు నాన్సీ డ్రూని మించింది లేదంటాది, మధ్యలో మా పాప, పదేళ్లది, ఎవురి మాట వినాలో తెలీక మా మొహాలు చూస్తా ఉంటాది. ఎవురికి వాళ్లు చిన్నప్పుడు చదివిందే గొప్ప, అది సహజమే, కానీ దాంతో పిల్లకి ఏది మంచిదో తేలదు కదా. అందుకని నేను ఒక్కటే చూశా. చదివే పిల్ల మధ్యలో ఆగి "ఎవురు చేసుంటారబ్బా" అని సొంతంగా ఆలోచించే సందు ఏ పుస్తకం ఇస్తా ఉంది?

ముందు నా ఫేమస్ ఫైవ్. నలుగురు పిల్లలు, ఒక కుక్క కలిసి చేసే సాహసాల కథలు, 1942 నుంచి 1963 దాకా 21 పుస్తకాలు రాసింది ఇంగ్లండు రచయిత్రి ఎనిడ్ బ్లైటన్. నెల్లూర్లో మా స్కూల్లో అవి చేతులు మారీ మారీ అట్టలూడిపోయి ఉండేవి, ఆ కథల్లోని కిర్రిన్ దీవి గురించి చదివినాక మైపాడు బీచికి పోతే నీళ్లల్లో దీవి ఏదన్నా కనపడతాదేమో అని చూసేవాళ్లం, ఉదయగిరి కోటకి పోతే సొరంగం ఈడే యాడో ఉంటాదని గోడలు తట్టేవాళ్లం. ఆ ఊపు ఇంకే సిరీస్ ఇయ్యలేదు నాకు. కానీ ఇప్పుడు పాపతో కూర్చుని మళ్లీ చదివితే తెలిసింది, ఇది మిస్టరీ కన్నా సాహసమే ఎక్కువ. సొరంగం చాలాసార్లు కాలు జారితేనో కుక్క తవ్వితేనో దొరుకుతాది, దొంగ ఎవురో సగం పుస్తకానికే తెలిసిపోతాది, మిగతాదంతా పరుగు. ఆ నలుగుర్లో ఆన్ అనే పిల్ల చేత ఎప్పుడూ గిన్నెలు కడిగించడం కూడా పాపకి నచ్చలా. 2010లో పబ్లిషర్లు పాత మాటలు మార్చి కొత్తగా వేశారు, జనానికి ఎక్కక 2016లో మళ్లీ పాత మాటలకే పోయారు, నేనైతే పాతదే కొంటా.

బ్లైటన్‌దే ఇంకో సిరీస్ సీక్రెట్ సెవెన్ ఏడెనిమిదేళ్ల పిల్లలకి సరిపోతాది, పాస్‌వర్డూ బ్యాడ్జీ షెడ్డులో మీటింగూ. పదేళ్లొస్తే చప్పగా ఉంటాది.

అదే బ్లైటన్ రాసిన ఫైండ్ అవుటర్స్ ఉండాదే, ఫ్యాటీ, లారీ, డైసీ, పిప్, బెట్స్, బస్టర్ కుక్క, 1943 నుంచి 1961 దాకా 15 పుస్తకాలు, దాన్ని మనోళ్లు ఎక్కువమంది పట్టించుకోలేదు, నాకు చాలా అన్యాయంగా అనిపిస్తాది. ఇందులో దీవుల్లేవు, నిధుల్లేవు, ఒక చిన్న పల్లెటూరు అంతే. మొదటి పుస్తకంలో ఒక ఇల్లు తగలబడతాది, పిల్లలు అనుమానం ఉన్నోళ్ల లిస్టు రాసుకుని ఆ సాయంత్రం ఎవురు యాడున్నారో ఒక్కొక్కరినే కొట్టేసుకుంటా పోతారు. రెండోది పిల్లి మాయమయ్యే కథ, పిల్లిని ఆఖరుసారి చూసింది ఎన్ని గంటలకి, అప్పుడు ఎవురు దగ్గరుండారు, మొత్తం టైము లెక్క. మా పాప నోటు పుస్తకంలో గీతలు కొట్టి లెక్కేసింది, ఫేమస్ ఫైవ్ చదివేటప్పుడు ఆ పని ఒక్కనాడూ చేయలా. ఇంకోదాంట్లో ఫ్యాటీ నారింజ రసంతో కనపడని ఉత్తరం రాస్తాడు, మనకి పొదలకూరు నిమ్మకాయలుండగా నారింజ దేనికి, రాసి ఆరబెట్టి ఇస్త్రీ పెట్టెతో వేడిచేస్తే గోధుమరంగులో అక్షరాలు తేల్తాయి, దగ్గర పెద్దోళ్లు ఉండాలంతే. తాళంచెవి బయట వైపు తలుపుకే ఉన్న గదిలోంచి న్యూస్‌పేపర్ సాయంతో బయటపడే ఉపాయమూ ఉంది. ఊరి పోలీసాయన్ని మరీ ఆడుకుంటారు, అది కాస్త కష్టంగా ఉంటాది, ఆ మాట పిల్లలకి చెప్పే చదివించాల.

నాయన మాట దగ్గరికొస్తే, మొదట్లో నేను చందమామలో వచ్చిన బేతాళ కథల్ని ఈ లెక్కలోకే తీసుకోలా, అవి మిస్టరీ ఏంది అనుకున్నా. కానీ నేను పెట్టుకున్న కొలతకి అందరికన్నా బాగా నిలబడింది అదే. మందారవతి కథే తీసుకోండి. ఆ పిల్ల చనిపోతే ఆమెని పెళ్లాడాలని వచ్చిన ముగ్గుర్లో ఒకడు చితి బూడిద మీదే పడుకుంటాడు, ఒకడు అస్థికలు గంగకి తీసకపోతాడు, ఒకడు దేశాలు తిరిగి మంత్రం నేర్చుకొచ్చి బతికిస్తాడు, ఇప్పుడు ఎవురి భార్య? కథ ఆడ ఆగిపోతాది. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతాదంటాడు బేతాళుడు, చదివే పిల్ల కూడా ఏదో ఒక జవాబు చెప్పాల్సిందే. బతికించినోడు తండ్రి లెక్క, అస్థికలు మోసినోడు కొడుకు లెక్క, బూడిదలో పడుకున్నోడే భర్త అని విక్రమార్కుడు చెప్తే మా పాప ఒప్పుకోలా, వాళ్ల తాతతో రాత్రి అన్నం దగ్గర కూడా వాదించింది. చందమామ 1947లో మద్రాసులో మొదలైన పత్రిక, పాత సంచికలు దొరికితే వదలబాకండి. ఇంగ్లీషు ఇంకా తడబడే పిల్లలకైతే ఇంకే ఆలోచనా లేకుండా ఇదే ముందు.

నాన్సీ డ్రూ 1930లో వచ్చింది, హార్డీ బాయ్స్ 1927లో, రెండూ అమెరికాలో ఒకే కంపెనీ తయారు చేయించినవే. నాన్సీ డ్రూ అట్టల మీద రచయిత్రిగా ఉండే కెరొలిన్ కీన్ అని ఎవురూ లేరు, ఆ పేరు వెనక చాలామంది రాశారు, మొదట్లో ఎక్కువ రాసింది మిల్డ్రెడ్ బెన్సన్. 1959 నుంచి పాతవన్నీ తిరగరాశారు, జాతుల మీద ఉన్న చెడ్డమాటలు తీశారు, కథలు పొట్టివి చేశారు, నాన్సీ వయసు 16 నుంచి 18 చేశారు. మా చెల్లెలు చదివింది ఆ తిరగరాసినవే, కాబట్టి అసలు నాన్సీ ఎంత మొండిదో దానికీ పూర్తిగా తెలీదు. కారు తనే నడుపుకుంటా, ఎవురి పర్మిషన్ కోసమూ ఆగని ఆడపిల్ల, పన్నెండేళ్ల ఆడపిల్లలకి అది ఎంత బలమో నేను చెప్పక్కర్లా. కాకపోతే ఆలోచన మొత్తం నాన్సీనే చేసేస్తాది, మనం వెనక సీట్లో కూర్చుంటాం. హార్డీ బాయ్స్ అయితే కొట్లాటలూ బోట్లూ ఎక్కువ.

దయ్యాలంటే భయపడే పిల్లలుంటే 1964లో మొదలైన త్రీ ఇన్వెస్టిగేటర్స్ ఇవ్వండి. పాత సామాన్ల యార్డులో చెత్త మధ్య దాచిన ట్రైలరు వాళ్ల ఆఫీసు, ప్రతి దయ్యం వెనకా ఒక మనిషో మిషనో ఉంటాది, జూపిటర్ అనే పిల్లోడు కూర్చుని తర్కంతో విప్పుతాడు.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, అవి అద్దె షాపులో తెచ్చుకుని టెక్స్ట్ బుక్కు మధ్యలో పెట్టి చదివిన తరం మా నాయనది, ఇప్పటికీ ఆ పేరెత్తితే మొహం వెలిగిపోతాది. బాగుంటాయి, కానీ హత్యలు పెద్దోళ్లవి, పద్నాలుగేళ్లు దాటినాకే.

నేనైతే తెలుగులో బేతాళుడితో మొదలుపెట్టి, ఇంగ్లీషు పట్టు దొరకంగానే ఫైండ్ అవుటర్స్, ఆ తర్వాత త్రీ ఇన్వెస్టిగేటర్స్, పన్నెండొచ్చినాక నాన్సీ ఇస్తా. ఫేమస్ ఫైవ్ సెలవుల్లో సరదాకి ఎప్పుడైనా చదువుకోవచ్చు, మిస్టరీ లెక్కలో మాత్రం నా ఓటు ఇంక దానికి లేదు.