మలేరియా మందు పనిచేయకపోతే: మందు మార్చడం మేలా, మూడు మందులు కలిపివ్వడం మేలా?

కంబోడియాలో, థాయ్‌లాండ్ సరిహద్దు పక్కన పైలిన్ అని కెంపులు, నీలాల గనులున్న ఊరు ఉంది. ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం మలేరియా క్రిమి, అప్పటి ప్రధాన మందు క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది 1950ల చివర్లో, ఆ సరిహద్దులోనే (దాదాపు అదే కాలంలో కొలంబియాలో కూడా). 1960ల మొదట్లో అక్కడ వంట ఉప్పులో మలేరియా మందు కలిపి పంచారు. రోజూ చాలీచాలని మందు ఒంట్లో పడుతుంటే క్రిమి చావదు, రాటుదేలుతుంది. ఆ మొండి రకం 1970ల్లో అస్సాంలో కనపడింది, 1978కల్లా తూర్పు ఆఫ్రికా చేరింది, అక్కడ పిల్లల ప్రాణాలు తీసింది.

మందు మార్చేస్తే సరిపోదా అంటే, దానికి మంచి రుజువే ఉంది. మలావీ 1993లో క్లోరోక్విన్ పూర్తిగా ఆపేసి సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌కు మారింది. పన్నెండేళ్ల తర్వాత పరీక్షిస్తే క్లోరోక్విన్ ఇచ్చిన 80 మంది పిల్లల్లో 79 మందికి నయమైంది! మందు ఒత్తిడి లేకపోయేసరికి మొండి క్రిములు వెనకబడిపోయి, మామూలు క్రిములే మళ్లీ నిండిపోయాయి. ఈ ఫలితం నాకు నిజంగా ఆశ కలిగించింది. కానీ అందుకు ఒక దేశం మొత్తం ఆ మాత్ర మానెయ్యాలి, ఏళ్ల తరబడి ఆగాలి, ఆలోగా వాడే రెండో మందు కూడా పాడవ్వొచ్చు. మలావీలో అదే జరిగింది, ఆ పరీక్షలోనే రెండో మందు పిల్లల్లో నాలుగో వంతుకైనా పనిచేయలేదు.

ఇప్పటి మందు ఆర్టెమిసినిన్. ఇది కొన్ని గంటల్లోనే క్రిములను చాలావరకు చంపేసి ఒంట్లోంచి వెళ్లిపోతుంది, మిగిలినవాటి సంగతి దానితో కలిపిచ్చే జతమందు చూసుకోవాలి. 2009లో వచ్చిన లెక్క చూడండి: వాయవ్య థాయ్‌లాండ్‌లోని వాంగ్ ఫాలో రక్తంలో క్రిములు పోవడానికి 48 గంటలు పడితే, పైలిన్‌లో 84 గంటలు పట్టింది. అంటే మూడోరోజు కూడా స్లైడ్ మీద క్రిములు కనపడుతూనే ఉన్నాయన్నమాట. బరువంతా జతమందు పైపెరాక్విన్ మీద పడింది, చివరికి అదీ చేతులెత్తేసింది.

అప్పుడు మూడోదిగా మెఫ్లోక్విన్ కలిపి చూశారు. థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాంలలో రెండు మందుల మాత్రతో 48% మందికి నయమైతే మూడింటితో 98% మందికి నయమైంది. కిటుకేంటంటే, పైపెరాక్విన్‌ను తట్టుకునే మార్పు, మెఫ్లోక్విన్‌ను తట్టుకునే మార్పు సాధారణంగా ఒకే క్రిమిలో కలిసి ఉండవు. దీనికీ ఇబ్బందులున్నాయి, మాత్రలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, వాంతులూ కొంచెం ఎక్కువే. చంటిపిల్లాడు మాత్ర కక్కేస్తే మళ్లీ వెయ్యాలి, ఆ టెన్షన్ తల్లికే తెలుసు.

అయినా నా ఓటు మూడు మందులకే. క్లోరోక్విన్ రోజుల్లోలా మొండి క్రిమి ఆసియా నుంచి ప్రయాణం చేసి రావాల్సిన పని ఇప్పుడు లేదు, రువాండాలో 2020లో బయటపడిన రకం అక్కడే పుట్టింది, ఆ తర్వాత ఉగాండాలోనూ అలాగే. సరిహద్దుల్లో కాపలా కాస్తే ఆగేది కాదు. ఆగ్నేయాసియాలో రెండు మందుల మాత్ర సగంమందికి పనిచేయకుండా పోయాక గానీ మూడోది రాలేదు, ఆఫ్రికాలో మాత్రం అక్కడి జతమందు ల్యూమెఫాంట్రిన్ ఇంకా పనిచేస్తుండగానే దానికి తోడుగా మూడోదిగా అమోడయాక్విన్ అనే మందు చేర్చాలి.