కమ్యుటేషన్ 40 శాతం తీసుకోవాలా, పూర్తి పెన్షన్ ఉంచుకోవాలా?

పాత పెన్షన్‌లో ఉండి రిటైరవుతున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు నన్ను అడిగే ప్రశ్న ఇదే. కమ్యుటేషన్ అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని 15 ఏళ్లపాటు వదులుకుని, దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం. నేనూ ఈమధ్యే ఆ ఫారం నింపాను కాబట్టి రాస్తున్నాను.

బేసిక్ పెన్షన్ 50,000 అనుకుందాం. 40 శాతం కమ్యూట్ చేస్తే నెలకు 20,000 తగ్గుతుంది. 60 ఏళ్లకు రిటైరైతే ఫ్యాక్టర్ (ఏడాది కోతను గుణించే సంఖ్య) 8.194, అంటే చేతికి 19,66,560 రూపాయలు వస్తాయి. 15 ఏళ్లలో కోత పడేది 36 లక్షలు. అప్పుగా చూస్తే వడ్డీ 9 శాతం దాకా పడినట్టే. వచ్చే మొత్తానికి పన్ను లేదంటారు గానీ, ఈ స్థాయి పెన్షన్‌కు కొత్త పన్ను విధానంలో ఎలాగూ పన్ను పడదు.

తీసుకోమనేవాళ్ల మాటలోనూ బలం ఉంది. మధ్యలో మనిషి పోతే మిగిలినది ఎవరూ కట్టక్కర్లేదు. ఫ్యామిలీ పెన్షన్ పైసా తగ్గదు. డీఆర్ (ధరలు పెరిగినందుకు పెన్షన్‌తో ఇచ్చే కరువు భృతి) కూడా పూర్తి 50,000 మీదే ఇస్తారు. ఈ రెండింటి గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. 9 శాతం కన్నా ఎక్కువ వడ్డీకి అప్పు ఉంటే తీసుకుని తీర్చేయడమే మంచిది.

సీనియర్ సిటిజన్ స్కీములో వేద్దామనా? అక్కడ 2025లో ఇచ్చింది 8.2 శాతమే. వద్దు.

నా దృష్టిలో అసలు తేల్చేది వడ్డీ లెక్క కాదు. పెద్ద మొత్తం చేతిలో ఉంటే ఇంట్లో అందరి అవసరాలూ దానివైపే చూస్తాయి. నెలనెలా వచ్చే పెన్షన్‌ను ఎవరూ అలా అడగరు. నాతో పనిచేసిన ఒకాయన 40 శాతం తీసుకుని, రెండు నెలలు తిరక్కుండా మొత్తం కొడుకు ఫ్లాటుకు ఇచ్చేశాడు. మొన్న మందుల షాపులో కలిశాడు. నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు అడిగి, బిల్లు ఎంతో విన్నాక, "పదిహేను రోజులవే ఇవ్వు బాబూ" అన్నాడు. కోత తీరడానికి ఆయనకు ఇంకా 11 ఏళ్లుంది.

40 అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతకన్నా తక్కువ ఎంతైనా రాయొచ్చు. రిటైరైన ఏడాదిలోపు పెడితే మెడికల్ పరీక్ష కూడా ఉండదు, కాబట్టి తొందరపడక్కర్లేదు. ఒకసారి డబ్బు తీసుకున్నాక మాత్రం వెనక్కి లేదు. నేను 15 శాతమే రాశాను. ఇంటి అప్పులో మిగిలింది దాంతో తీరిపోయింది.