రైస్ మిల్లులో వృథా లెక్క: అమ్మకాల పుస్తకమా, కాటా లెక్కా?

మండపేట, తాడేపల్లిగూడెం వైపు ఏ మిల్లుకెళ్లి "వృథా ఎంత పోతోందండీ?" అని అడిగినా చాలామంది చెప్పేది ఒకటే: "వృథా ఏముందండీ, ఊక బాయిలర్‌కి, తవుడు నూనె ఫ్యాక్టరీకి, నూకలు దాణాకి, అన్నీ అమ్ముడుపోతాయిగా!" నిజమే. ఎంతకి పోతున్నాయన్నదే అసలు సంగతి.

వృథా లెక్కకి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, అందరూ రాసేది, నూక, తవుడు అమ్మిన పుస్తకం. గుమాస్తా ఒక్కడు చాలు, జీఎస్టీకి ఎలాగూ కావాలి. చిక్కేమిటంటే ఇందులో వృథా కాస్తా రాబడిలా కనిపిస్తుంది, నూకలు ఎక్కువైన నెలలో ఆ పద్దు చూసి సంతోషించేవాళ్లూ ఉన్నారు. బియ్యం కిలో 40, నూకలు 25 అనుకుంటే క్వింటా గింజ విరిగినప్పుడు పుస్తకంలో 2,500 జమ పడుతుంది. పోయిన 1,500 ఎక్కడా పడదు.

రెండోది కాటా లెక్క, దాని అసలు పేరు మెటీరియల్ ఫ్లో కాస్ట్ అకౌంటింగ్. జర్మనీలో పుట్టి, జపాన్ ఫ్యాక్టరీల్లో పాకి, 2011లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దగ్గర 14051 నంబరు ప్రమాణమైంది. ప్రతి దశలో వెళ్లిన బరువూ వచ్చిన బరువూ తూచి, తేడాకి సరుకు ఖరీదుతో పాటు అప్పటిదాకా దానిమీద పెట్టిన కరెంటు, కూలి కూడా కట్టాలి.

దీని సత్తా డ్రయ్యర్ దగ్గర తెలుస్తుంది. 17 శాతం తేమతో (సర్కారు కొనుగోలుకి పైహద్దు అదే) వచ్చిన క్వింటా వడ్లు 14 శాతానికి ఆరితే 96.5 కిలోలు తూగుతాయి, ఆ తరుగు మామూలే. డ్రయ్యర్ కుర్రాడు ఎందుకైనా మంచిదని 12కి లాగేశాడనుకోండి, 94.3. మధ్యలో 2.2 కిలోలు గాల్లో కలిశాయి, బస్తా లేదు, బిల్లు లేదు, అమ్మకాల పుస్తకానికి తెలిసే దారే లేదు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర 2,369 చొప్పున క్వింటాకి 52 రూపాయలు, రోజుకి వంద క్వింటాళ్లు ఆడే మిల్లుకి 5,200. పైగా అతిగా ఆరిన గింజ పగిలి నూక పెరుగుతుంది. దాళ్వా (రబీ) వడ్లకి అసలే నూక ఎక్కువ, వాటిని ఉప్పుడు బియ్యానికి పంపేది అందుకేగా.

అలాగని ఐఎస్ఓ చెప్పిందంతా పెట్టమనను. ఖర్చుని బరువు ప్రకారం పంచితే, వడ్లలో ఐదో వంతుండే ఊక నెత్తిన క్వింటా వడ్లకి 474 రూపాయలు పడతాయి. ఊక లేని వడ్లు ఎవరు పండిస్తారు? ఆ అంకె చూసి టెన్షన్ పడ్డమే మిగులుతుంది. భీమవరం రొయ్యల షెడ్లలోనూ అంతే, తలకాయ ఎలాగూ పోతుంది, దాంతోపాటు ఊడొచ్చే కండే లెక్కలోకి రావాలి.

కంప్యూటర్‌కి కలిపిన ఆటోమేటిక్ కాటాలు పెద్ద మిల్లులకి సరే. కాటా తప్పయితే కంప్యూటరూ తప్పే చూపిస్తుంది.

చిన్న మిల్లుకి నా ఓటు కాటా లెక్కకే, అదీ రెండు చోట్లే: డ్రయ్యర్ దగ్గర తేమ, పాలిష్ అయ్యాక నూక శాతం, షిఫ్టుకోసారి. పాత పుస్తకం మాత్రం ఆపకండి, ఆడిటర్ అడుగుతాడు. సార్వా (ఖరీఫ్) వడ్లు దిగకముందే తేమ మీటరు ఓసారి సరిచూయించుకోండి.