ఓఆర్‌ఎస్ అడిగితే జ్యూస్ ప్యాక్ చేతిలో పెడుతున్నారు, జాగ్రత్త

ఒంగోలు, చీమకుర్తి, కందుకూరు వైపు చిన్నపిల్లలున్న వాళ్లు దయచేసి ఇది చదవండి. మా అక్క కొడుక్కి ఇంకా రెండేళ్లు నిండలేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మా బావ రాత్రిపూట ఒంగోలులో ఒక మెడికల్ షాపుకి పోయి ఓఆర్‌ఎస్ (విరేచనాల్లో పోయిన నీళ్లు, ఉప్పు ఒంటికి తిరిగి అందించే మందు) ఇవ్వమన్నాడు. షాపతను ఫ్రిజ్‌లోంచి ఆపిల్ బొమ్మ ఉన్న టెట్రా ప్యాక్‌లు తీసి, "పిల్లలు ఇదైతే ఇష్టంగా తాగుతారన్నా" అని ఇచ్చాడు. వాడు ఇష్టంగానే తాగాడు. తెల్లారేసరికి విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి, ఏడుస్తుంటే కంట్లో చుక్క నీరు లేదు, మూత్రం రావడం ఆగిపోయింది. హాస్పిటల్లో డాక్టర్ గారు ముందు అడిగిందే ఏం తాగించారని. సెలైన్ ఎక్కించాక గానీ పిల్లాడు కళ్లు తెరిచి చూడలేదు.

ఆ ఖాళీ ప్యాక్ వెనక చీమతలకాయంత అక్షరాలు చూశాను. 100 మిల్లీలీటర్లకి చక్కెర 11 గ్రాములు, అంటే లీటరుకి 110. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, దాంతోపాటు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఎంత తేడానో చూడండి.

తీపి ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోకండి. పేగు గోడలో గ్లూకోజూ, ఉప్పులో ఉండే సోడియమూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెనకే నీళ్లు పోతాయి, విరేచనాలప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు కాబట్టే ఓఆర్‌ఎస్ పనిచేస్తుంది. ఉప్పు తక్కువై చక్కెర మితిమీరితే మిగిలిన చక్కెర పేగులోనే ఉండిపోయి ఒంట్లో నీళ్లని ఎదురు లాగుతుంది. నీళ్లు పట్టాల్సిన పిల్లాడికి ఉన్న నీళ్లు కూడా పోతాయి!

మామూలు రోజుల్లో ఒళ్లే ఇదంతా చూసుకుంటుంది. నీళ్లు తగ్గి రక్తం చిక్కబడగానే మెదడు దప్పిక పుట్టిస్తుంది, ఒక హార్మోన్ వదిలి మూత్రపిండాల చేత నీళ్లు పట్టి ఉంచుతుంది, అందుకే ఎండలో తిరిగొస్తే మూత్రం పచ్చగా, కొంచెమే వస్తుంది. పసిపిల్లల మూత్రపిండాలకి అంత పట్టి ఉంచే శక్తి ఇంకా రాదు, పైగా దప్పికేస్తోందని వాళ్లు చెప్పలేరు. అలాగని వట్టి నీళ్లే పోస్తుంటే పోయిన ఉప్పు తిరిగి రాదు, రక్తంలో సోడియం బాగా పడిపోతే ఫిట్స్ కూడా రావచ్చు. మనవైపు అందరూ తాగించే కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, విరేచనాలకి అవి ఓఆర్‌ఎస్ బదులు కావు.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్మే ఇలాంటి తీపి డ్రింకుల మీద ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార పదార్థాల నియమాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, పేరుకి ముందో వెనకో ఇంకో మాట తగిలించి అయినా సరే ఈ డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని వేయకూడదని చెప్పింది. అయినా అడిగినప్పుడు షాపులో ఏం ఇస్తున్నారో చూసుకోవాల్సింది మనమే.

కాబట్టి పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. పెద్ద ప్యాకెట్ లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి, ఏదైనా మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి అంచనాగా నీళ్లు పోయడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, చిక్కగా అయితే అదీ ప్రమాదమే. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, పాలల్లో కలపొద్దు, చక్కెర వేయొద్దు, 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మెల్లగా పట్టండి, తల్లిపాలు మాత్రం ఆపొద్దు. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఓఆర్‌ఎస్, జింక్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. ఆ జింక్ విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి.

మాడు గుంటపడినా, కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, పిల్లాడు మగతగా పడి ఉన్నా ఇంట్లో ఇంకేమీ చూడకుండా రాత్రయినా సరే హాస్పిటల్‌కి తీసుకుపోండి.