అడవి కాలనీ అని చెప్పి రాణి లేని చీమల్ని అమ్ముతున్నాడు, జాగ్రత్త

ఎవరి గురించి చెప్తున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, "రాణితో సహా అడవి కాలనీ" అని, అంటే బయట తవ్వి తీసిన చీమల గుంపని, చీమల్ని పెంచుకునేవాళ్ళకి అమ్ముతూ ఎప్పుడూ పోస్టులు పెడుతుంటాడే, వాడే. కాంపోనోటస్, అంటే పెద్ద గండుచీమలు, రాణి, వర్కర్లు (పనిచేసే చీమలు), ప్యూపాలు (ఇంకా చీమలుగా మారని పిల్లలు) అన్నీ ఉన్నాయన్నాడు, డబ్బు ముందే కట్టించుకున్నాడు, పార్సిల్ వచ్చింది.

తెరిస్తే లోపల తడి మట్టి ముద్ద. దారిలో కుదుపులకి మట్టంతా కూలి బోలెడు చీమలు అందులోనే నలిగి చచ్చిపోయాయి, మిగిలినవి మూత అంచున గుంపుగా చేరి, నోట్లో ప్యూపాల్ని పట్టుకుని ఎటు పోవాలో తెలీక తిరుగుతున్నాయి. కడుపు రగిలిపోయింది నాకు.

రాణి అన్న పెద్ద చీమని మాక్రో లెన్స్‌తో చూశా. తల పెద్దది, దవడలు పెద్దవి, కానీ ఛాతీ సన్నం, పక్కనుంచి చూస్తే వీపు ఒకే వంపులో నున్నగా దిగిపోయింది. రాణికి అలా ఉండదండీ, రెక్కల కండరాలుండే ఛాతీ కాబట్టి దిట్టంగా, పలకలు పలకలుగా ఉంటుంది, రెక్కలు రాల్చేసినా అవి ఊడిన చోట మచ్చలు కనిపిస్తాయి. దీనికి ఒక్క మచ్చ లేదు. అది మేజర్ వర్కర్, అంటే వర్కర్లలోనే పెద్ద సైజుది, అంతే.

ఫొటోలు పంపి అడిగితే మొదట "రెక్కలు రాలాక రాణి అలానే ఉంటది" అన్నాడు. మరి మచ్చలేవి అన్నా. కాసేపు చప్పుడు లేదు, తర్వాత ఈ మెసేజ్ వచ్చింది: "చీమలే కదా బ్రో, బయట బోలెడున్నాయి, రాణి కావాలంటే వాన పడ్డాక నువ్వే పట్టుకో." వెంటనే బ్లాక్ చేశాడు.

డబ్బు పోయిన బాధ ఎలాగూ ఉంది, కానీ ఆ "చీమలే కదా" అన్న మాట మింగుడుపడట్లేదు. రాణి జతకట్టినప్పటి వీర్యాన్నే ఒంట్లో దాచుకుని ఏళ్ళ తరబడి గుడ్లు పెడుతుంది, పెంపకంలో లాసియస్ నైగర్ అనే నల్లచీమ జాతి రాణి ఒకటి 28 ఏళ్ళు దాటి బతికింది. అది లేకపోతే ఉన్న వర్కర్లు పోయేదాకానే ఆ కాలనీ, ఇవి గుడ్లు పెట్టినా మగవే పుడతాయి, వేరే రాణిని తెచ్చి పెడితే చాలాసార్లు చంపేస్తాయి. ఇక వాడు తవ్విన చోట అసలు రాణి లోపలెక్కడో ఉండిపోయి ఉంటుంది, వర్కర్లనీ పిల్లల్నీ ఎత్తుకుపోయాక దాని గతేంటి? రెండు వైపులా చంపినట్టే కదా.

వచ్చినవాటిని మాత్రం వదిలెయ్యలేక మట్టి డబ్బాని వెలుతురులో ఉంచి, నీళ్ళూ దూదీ పెట్టిన టెస్ట్ ట్యూబుకి నల్లగుడ్డ చుట్టి దానికి ఆనించి పెట్టా, ప్యూపాల్ని మోసుకుంటూ వాటంతట అవే వెళ్ళాయి. కొన్నిటి ఒంటి మీద లేతరంగు చుక్కల్లా మైట్స్ అనే చిన్నచిన్న పురుగులు కూడా ఉన్నాయి, అందుకే నా మిగతా కాలనీలకి దూరంగా పెట్టా, అడవి నుంచి తెచ్చినవి ఎవరి దగ్గర కొన్నా ఆ పని చెయ్యండి.

కొనేవాళ్ళు డబ్బు కట్టేముందు రాణి ఛాతీని పైనుంచీ పక్కనుంచీ దగ్గరగా తీసిన ఫొటోలు, అది ట్యూబులో తిరుగుతున్న వీడియో అడగండి. నడుం దగ్గర రెండు బుడిపెలుంటే అసలు కాంపోనోటసే కాదు, ఒకటే ఉండాలి. మట్టిలో పంపుతానంటే వద్దనెయ్యండి. వాడి చాట్ స్క్రీన్‌షాట్లన్నీ నా దగ్గరున్నాయి, కావాల్సినవాళ్ళు మెసేజ్ చెయ్యండి.