ఒక్క బిడ్డకా, ఆసుపత్రికా?

విదేశంలోని మిషన్ ఆసుపత్రిలో పసిబిడ్డ ఆపరేషన్‌కు సాయం చేయాలంటే దారులు రెండు.

మొదటిది, రోగుల చికిత్సకు ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే వాట్సీ లాంటి వేదికలో ఒక బిడ్డను ఎంచుకోవడం. ఫొటో, ఇంటి పరిస్థితి, కావలసిన మొత్తం కనిపిస్తాయి. ఇచ్చిందంతా చికిత్సకే వెళ్తుంది. నిర్వహణ ఖర్చులకు విరాళాలు వేరు. బిడ్డ ఎలా ఉందో తర్వాత కబురూ వస్తుంది. ఆ కబురు చదివితే కడుపు నిండుతుంది, నిజమే.

రెండోది, నెలనెలా ఆసుపత్రికే ఇవ్వడం. ఉగాండాలోని ఎంబాలేలో క్యూర్ పిల్లల ఆసుపత్రి ఉంది. తలలో నీరు చేరే హైడ్రోకెఫలస్‌తో పసికందులు అక్కడికి వస్తారు. తల ఉబ్బి, నుదుటి చర్మం బిగిసి, కళ్లు కిందికి వాలిపోయి ఉంటాయి. మామూలుగా ఆ నీటిని మళ్లించడానికి షంట్ అనే సన్నని గొట్టం వేస్తారు. అది ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. అప్పుడు ఎక్కడో పల్లెలో ఉన్న తల్లి ఏం చేయాలి? 2000లో అక్కడికి వెళ్లిన అమెరికన్ న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్, ఎండోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నని పరికరం) లోపలే నీటికి దారి చేసి, నీరు ఊరే కణజాలాన్ని కాల్చే పద్ధతిని తీర్చిదిద్దారు. చాలామంది పిల్లలకు షంట్ అవసరం తప్పింది. ఇలాంటి పని ఒక్క బిడ్డ బిల్లుతో నడవదు. నర్సుల జీతాలు, పరికరాలు, డాక్టర్ల శిక్షణ, అన్నీ కావాలి.

అమెరికాలోని మనవాళ్లకు రెండింటికీ పన్ను మినహాయింపు దొరకవచ్చు. ఇండియా నుంచి నేరుగా పంపితే విరాళాలపై ఇచ్చే 80జీ పన్ను మినహాయింపు వర్తించదు.

పిల్లలకు ఇవ్వడం నేర్పాలంటే మొదటిది మంచిది. నన్నడిగితే మాత్రం రెండోదే, చిన్న మొత్తమైనా.